కోళ్ల షెడ్డులో స్కా

మొన్నొక సాయంత్రం తుర్కపల్లిలో ఒక కంపెనీ గేటు ముందు కారులో కూర్చుని ఉన్నాను. మా పెద్దమ్మాయి లోపల ల్యాబులో పని చేస్తుంది. ఆ రోజు క్యాబ్ రాదని ఫోన్ చేస్తే తీసుకురావడానికి వెళ్ళాను. షిఫ్టు వదిలే వేళ. క్యాబులు వరుసగా నిలబడి ఉన్నాయి. నా పక్క బండిలో డ్రైవరు సీటు వెనక్కి వాల్చుకుని ఏదో పాట పెట్టుకున్నాడు. బాకాలు ఒక్కసారిగా ఎత్తుకున్నాయి. వాటి కింద, డ్రమ్ము దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న సందులో, ఒక పొట్టి మోత తప్పుకుని తప్పుకుని పడుతోంది. నాకు తెలియకుండానే నా మడమ చెప్పులోంచి లేచింది.

ఆ పాట ఎవరిదో నాకు తెలియదు. ఆ తీరును స్కా అంటారని మాత్రం తెలుసు. చిన్నప్పుడు విన్న తీరు మళ్ళీ చెవిన పడితే ఎవరికైనా ప్రాణం లేచి వస్తుంది. నాకు గుండెలో చురుక్కుమంది. అది కుళ్ళు. పదహారేళ్ళప్పుడు నా ఈడు పిల్ల మీద పుట్టిన కుళ్ళు, ఏ మాత్రం ఎండిపోకుండా అలాగే ఉంది.

నేను దేవుణ్ణి నమ్మిన మనిషిని. మా భజన సమాజంలో శనివారం శనివారం పురాణం చదివి అర్థం చెప్పేది నేనే. మనిషి లోపల ఉండే ఆరుగురు శత్రువుల గురించి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కామం గురించి, క్రోధం గురించి గట్టిగానే చెబుతాను. చివరిదైన మాత్సర్యం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గుతుంది. అది భక్తి వల్ల అనుకుంటారు వినేవాళ్ళు.

అప్పట్లో మా ఇల్లు మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారి మీద, రోడ్డుకు కొంచెం లోపలికి ఉండేది. ఇంటి వెనక రెండు కోళ్ల షెడ్లు. వాటి అవతల వేరేవాళ్ళ ద్రాక్ష తోటలు. ఇప్పుడు ఆ దారిలో వెళితే వెంచర్ల జెండాలే కనిపిస్తాయి కానీ, ఆ రోజుల్లో ఎండాకాలం మధ్యాహ్నం గాలి వీస్తే మొదట కోళ్ల దాణ వాసన, దాని వెనక పులిసిన ద్రాక్ష వాసన వచ్చేవి. దాణలో ఎండు చేపల పొడి కలిపేవాళ్ళు. ఆ వాసన మా బట్టలకు, జడలకు, పుస్తకాలకు కూడా పట్టి ఉండేది. బడిలో నా పక్కన ఎవరూ తొందరగా కూర్చునేవాళ్ళు కాదు.

ఇంట్లో పగిలిన గుడ్ల కూర రోజూ ఉండేది. అంగడికి పనికిరానివన్నీ మాకే. అవ్వ, అంటే మా నాయిన తల్లి, మాత్రం గుడ్డు ముట్టేది కాదు. ఆడవాళ్ళ భజన సమాజానికి పెద్ద ఆమె. "కోడి నాకు అన్నం పెడ్తాంది. మళ్ళ దాని బిడ్డను గూడ తిన్నాల్నా?" అనేది. నేనూ, చిన్నాయినా ఆమె జపంలో ఉండగా వంటింటి వెనక నిలబడి ఉడకబెట్టిన గుడ్లు మింగేవాళ్ళం. ఆమెకు తెలుసు. జపమాల తిప్పుతూనే, "నీళ్ళు తాగుండ్రి, గొంతుల పడ్తది" అనేది.

చిన్నాయిన అంటే మా నాయినకు తమ్ముడు. తుర్కపల్లిలో ల్యాబులు కొత్తగా వస్తున్న రోజులు. అక్కడి వాళ్ళను సుమోలో తిప్పేవాడు. పై దేశం నుంచి వచ్చిన సారు ఒకాయన ఆర్నెల్లు ఆ సుమోలోనే తిరిగి, వెళ్ళిపోయేటప్పుడు ఒక సీడీల సంచి చిన్నాయిన చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ ఆదివారం చిన్నాయిన సుమో కడుగుతున్నాడు, నేను పైపు పట్టుకున్నాను. సంచిలోంచి ఒకటి తీసి పెట్టాడు. పైపులో నీళ్ళు నా కాళ్ళ మీద పోతున్నా నాకు తెలియలేదు.

"గిదేం పాట చిన్నాయినా?"

"స్కా అంటడు ఆ సారు. యాడనో సముద్రం నడుమ దీవి ఉన్నదంట, గక్కడ పుట్టిన పాటంట. మస్తుంటది గని, ఒక్క ముక్క అర్థమైతే చెప్పుతోని కొట్టు."

"అర్థమెందుకు? మన బ్యాండోళ్ళ లెక్కనే ఉన్నది. మళ్ళ పెట్టు."

ఈ మాట అన్నది నేను. ఇన్నేళ్ళ తరువాత కూడా దీన్ని రాస్తున్నప్పుడు "నేను" అన్న చోట కలం కొంచెం గట్టిగా ఆనుతోంది. ఆ పాటను మొదట విన్నది నేను. మన పెళ్ళి బ్యాండుకీ దానికీ చుట్టరికం ఉందని చెప్పింది నేను. బ్యాండు మాస్టర్ దగ్గరికి తీసుకుపొమ్మని చిన్నాయిన ప్రాణం తీసింది కూడా నేనే.

మాస్టర్‌ది మేడ్చల్‌లో చిన్న దుకాణం. క్లారినెట్ వాయించేవాడు. మెహందీ పెట్టిన గడ్డం, నోట్లో ఎప్పుడూ సోంపు. ఆయన చేతి కింద ఏడెనిమిది మంది ఉండేవాళ్ళు. ఆ ఎండాకాలం మూఢం పడింది. వానలు వచ్చేదాకా ముహూర్తాలు లేవని పంతులు చెప్పేశాడు. జరీ కుట్టిన ఎర్ర కోట్లు దుకాణంలో కొక్కేలకు వేలాడుతూ ఉంటే, బ్యాండు వాళ్ళు వాటి కింద పడుకుని నిద్రపోతున్నారు. పెద్ద డ్రమ్ము కొట్టే మనిషి శామీర్‌పేట చెరువులో వలేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

చిన్నాయిన సుమో తలుపులు తెరిచి పాట పెట్టాడు. మాస్టర్ మూడుసార్లు విన్నాడు. ప్రతిసారీ, "మళ్ళ పెట్టు" అన్నాడు, అంతే. తరువాత నా వైపు తిరిగాడు.

"దెబ్బ యాడ పడ్తాందో చూసినవా బేటా?"

"నడుమ పడ్తాంది."

"శభాష్. మనం బరాత్ల కాలు కింద పెట్టినప్పుడు కొడ్తం. వీళ్ళు కాలు లేపినప్పుడు కొడ్తాండ్రు. అందుకే వింటుంటే మనిషికి నేల మీద నిలవబుద్ధి కాదు."

ఆ 'శభాష్' నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మా రెండో షెడ్డు బ్రాయిలర్ కోళ్లది. ఎండకు పిల్లలు చచ్చిపోతాయని నాయిన ఆ ఎండాకాలం దాన్ని ఖాళీగా వదిలి సున్నం కొట్టించాడు. అందులో చేరారు బ్యాండు వాళ్ళు. నాలుగు దాటితే వచ్చేవాళ్ళు. లుంగీలు, బనియన్లు. కాళ్ళ కింద మెత్తటి ఊక, మీద రేకులు, నాలుగు దిక్కులా జాలీ. కార్నెట్ బాకా ఎత్తితే ఆ రేకులన్నీ కూడా పాడేవి. వారం తిరక్కుండా క్యాబు డ్రైవర్లు రావడం మొదలుపెట్టారు. తరువాత దేవరయాంజాల్ నుంచి నలుగురు కుర్రాళ్ళు సైకిళ్ళ మీద వచ్చారు. సుమోల వరుస చూసి మా ఇంట్లో ఏదో కార్యం ఉందనుకుని ఒక ముసలాయన లోపలికి వచ్చి కూర్చున్నాడు. విషయం తెలిశాక కూడా రోజూ వచ్చేవాడు. ఎవరో మిర్చీలు తెచ్చేవాళ్ళు, డ్రమ్ము మనిషి చేపలు తెచ్చేవాడు, మా అమ్మ చాయ్ కాచి పంపేది. వాళ్ళకు వాళ్ళే "స్కావోళ్ళం" అని పేరు పెట్టుకున్నారు.

నాయిన ఒక్కడికే గిట్టలేదు. "నీ పాటకు కోళ్ళు గుడ్లు పెడ్తలేవురా" అని చిన్నాయిన మీద విరుచుకుపడేవాడు.

"ఎండకే అన్నా, ఎండకు పెడ్తలేవు. పాట ఇని అవి ఖుషీ ఐతానయి. పోయి మొకం చూడు."

"కోడి మొకంల ఖుషీ నీకెట్ల తెలిసెరా?"

"నీ మొకం దినాం చూస్తలేనా? దానికీ దీనికీ ఫరక్ తెల్వదా?"

స్కాలో ఆ నడిమి దెబ్బ గిటారు కొడుతుంది. మాకు గిటారు లేదు. కంచు తాళాలను మోగకుండా నొక్కి కొడితే దగ్గరగా ఆ మోత వస్తుందని మాస్టర్ కనిపెట్టాడు. "భజనల పుట్టిన పిల్ల ఉన్నది గద మనకు" అని నన్ను కూర్చోబెట్టాడు. దాణ డబ్బా బోర్లించి, దాని మీద గోనెసంచి పరిచి, అది నా చోటు అన్నాడు. బ్యాండు నడుమ, డ్రమ్ముకు కుడిపక్క. ఆ రోజు నాకంటే భాగ్యవంతురాలు ఈ భూమి మీద లేదు.

కానీ నా చేతికి రాలేదు. ఐదేళ్ళ వయసు నుంచి అవ్వ పక్కన కూర్చుని దెబ్బ మీద దెబ్బ వేసిన చెయ్యి నాది. లయ తప్పితే అవ్వ మోకాలి మీద చటుక్కున కొట్టి దిద్దిన చెయ్యి. ఆ చేతికి డ్రమ్ము ఎక్కడ పడితే అక్కడే పడటం తెలుసు. కళ్ళు మూసుకుని చూశాను, కాలు లేపి చూశాను. రెండు చుట్లు నిలిచేది, మూడో చుట్టుకు పోయి డ్రమ్ము మీద పడేది. మాస్టర్ కోప్పడలేదు. "వస్తది బేటా, జల్దీ లేదు" అనేవాడు. అలా పది రోజులు.

పదకొండో రోజు మా వదినె వచ్చింది. మా మేనత్త కూతురు, నాకంటే మూడు నెలలు పెద్దది. బొల్లారం నుంచి సెలవులకు మా మామ తీసుకొచ్చి దింపిపోయాడు. పొడుగ్గా, నల్లగా ఉండేది. పళ్ళు కొంచెం ఎత్తు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. భజన అంటే తెలియదు, వాళ్ళింట్లో దేవుడి పటం ముందు దీపం కూడా పండగలకే. సాయంత్రం నాతో షెడ్డుకు వచ్చింది. నేను మూడో చుట్టుకు తప్పాను. తాళాలు కింద పెట్టి చాయ్ అందుకున్నాను. వదినె ఊరికే, ఆడుకోవడానికి, వాటిని తీసుకుంది.

అంతే. సందులో పడింది దెబ్బ. మళ్ళీ పడింది. పదో చుట్టు, ఇరవయ్యో చుట్టు. డ్రమ్ము మనిషి ఆమె వైపు తిరిగాడు. సైకిళ్ళ కుర్రాళ్ళు లేచి నిలబడి ఉన్నచోటనే పరుగెత్తినట్టు ఎగరడం మొదలుపెట్టారు. ఊక లేచింది. మాస్టర్ క్లారినెట్ నోట్లోంచి తీసి నవ్వాడు.

"ఎక్కడ నేర్చినవ్ బేటా?"

"నేర్సలేదు సార్. మాకాడ రైలు పోతది గద ఇంటెన్క, గట్లనే ఉన్నది."

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. నా చోట ఆమె కూర్చుని ఉంది. దిగమని నేను అడగలేదు, ఆమెకు తోచలేదు. మరునాడు డ్రైవర్లు దూరం నుంచే, "రైలుపిల్ల వచ్చిందా?" అని అడగడం మొదలుపెట్టారు. నాకు పది రోజుల్లో ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

ఆ నెలరోజులు నేను చేసినవి చెబితే ఇప్పుడు నవ్వొస్తుంది, కొన్నింటికి రాదు. వదినె చాయ్‌లో ఉప్పు వేశాను. తాగి, "మీ నీళ్ళు ఉప్పగున్నయి పిల్లా" అంది. తాళాల దారం ముడి వదులు చేసి పెట్టాను. అది ఊడి మాస్టర్ కాలి మీద పడింది. పాట లేదని అబద్ధం చెప్పి ఆమెను ద్రాక్ష తోటకు తీసుకుపోయాను. కాపలా మనిషి తరిమితే ఇద్దరం ముళ్ళకంచె దూరి పరుగెత్తాం. ఆమె ఓణీ చిరిగింది. పందిరి కింద దాక్కున్నప్పుడు ఆమె నా మణికట్టు పట్టుకుని, "దా, నేను చెప్త. నువ్వు కొట్టాలె కొట్టాలె అని చూస్తున్నవ్. కొట్టకుండ ఊకో. ఊకున్నంక కొట్టు" అని తన తొడ మీద నా చేత్తో దెబ్బ వేయించింది. ఆ కొద్దిసేపు నాకు వచ్చింది. ఆమె చెయ్యి తీసేసరికి పోయింది. దానికీ ఆమెనే తప్పుపట్టాను.

ఇంకొకటి కూడా చేశాను. పొద్దున దీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు, ఆమె చెయ్యి బెణకాలని కోరుకున్నాను. ఒకరోజు కాదు, చాలా రోజులు. దేవుడు అలాంటివి కూడా వింటాడు కదా అని నాకు తరువాత చాలా భయం వేసింది.

మా ఊళ్ళో ఏటా ఎండాకాలంలో భజన మందిరంలో ఏకాహం చేసేవాళ్ళు. సూర్యోదయం నుంచి మర్నాడు సూర్యోదయం దాకా నామం ఆగకూడదు. మూడు గంటలకొక జాము, జాముకొక బృందం. ఆ సంవత్సరం ఇంకా నాలుగు రోజులుందనగా ఊళ్ళో ఒక పెద్దింటి ముసలాయన పోయాడు. సమాజంలో సగం మంది ఆ ఇంటి పాలోళ్ళే. పది దినాలు మైల. వాళ్ళు మందిరం గడప తొక్కడానికి లేదు. అన్ని జాములూ ఎలాగో సర్దారు కానీ పన్నెండు నుంచి మూడు దాకా, ఎండ మండే జాముకు మనుషులు దొరకలేదు.

"మా స్కావోళ్ళు ఉన్నరు గదనే" అన్నాడు చిన్నాయిన.

"లగ్గాలకు ఊదెటోళ్ళు. దేవునికి ఊదుతరా?" అంది అవ్వ.

"దేవునిది గూడ లగ్గం చేస్తలేమా? అప్పుడు ఊదేది ఎవలు?"

అవ్వ కర్ర పట్టుకుని షెడ్డుకు వచ్చింది. గుమ్మంలో నిలబడి ఒక పాట మొత్తం విన్నది. కుర్రాళ్ళ కాళ్ళ వైపే చూసింది.

"గీ ఎగురుడు మా పండరి భజన అడుగే. మీకెవలు నేర్పిండ్రు?"

మాస్టర్ లేచి నిలబడ్డాడు. "అమ్మా, తానం చేసి వస్తం. బీడీ ముట్టం. మీరు ఏ పేరు చెప్తే ఆ పేరు ఊదుతం."

"గా నడుమ కొట్టే పిల్ల ఎవలు? మా బిడ్డ కూతురేనా?" అంది అవ్వ కళ్ళు చికిలించి. కొంచెంసేపు వదినెను చూసింది. "ఆ జాముకు పెద్దతాళం దీని చేతికియ్యుండ్రి."

పెద్దతాళం గురించి చెప్పాలి. మందిరంలో చిన్న తాళాలు ఎన్ని ఉన్నా, ఎర్రదారం కట్టిన ఒక పాత జత ఉండేది. అది ఎలా నడిస్తే అందరూ అలా నడవాలి. ఏకాహంలో అది నేలను తాకకూడదు. జాము మారేటప్పుడు, తీసుకునే మనిషి ఎదురుగా కూర్చుని దోసిలి పడతారు. అందరూ చప్పట్లతో లయ నిలబెడితే, ఇచ్చే మనిషి ఆ దోసిట్లో పెడతారు. అడగకూడదు, గుంజుకోకూడదు. ఇస్తేనే తీసుకోవాలి.

తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆడవాళ్ళ జాము. దానికి పెద్దతాళం నాకిచ్చింది అవ్వ. పన్నెండుకు నా చేతిలోంచి వదినె చేతికి. ఆ సాయంత్రం బస్సుకే మా మామ వదినెను తీసుకుపోవడానికి వస్తున్నాడు. ఊరంతా కూర్చుని స్కా వినేది ఆ ఒక్క జాములోనే, వదినె వాయించేది కూడా ఆ ఒక్కసారే. ఇది అందరికంటే బాగా నాకు తెలుసు.

ఆ రోజు మందిరం నిండింది. మామిడాకులు, అగరొత్తులు, తడి గోనెపట్టాల వాసన. పన్నెండు కొట్టేసరికి బ్యాండు వాళ్ళు ఉతికిన తెల్ల చొక్కాల్లో వచ్చి ఒక పక్క కూర్చున్నారు. వదినె అవ్వ పాత పట్టుచీర ఒకటి కట్టుకుంది. నా ఎదురుగా కూర్చుని దోసిలి పట్టింది. చప్పట్లు మొదలయ్యాయి.

నేను ఇవ్వలేదు.

ఇవ్వకూడదని ముందుగా అనుకోలేదు. ఆమె దోసిలి చూశాను. ఆ అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి, నెలరోజుల సాధన అది. నా చేతులు అలా లేవు. కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాను. చప్పట్లు కాసేపు ఎదురుచూసి, పలచబడి, నిలిచిపోయాయి. ఎవరో గుసగుసలాడారు. అప్పుడు అవ్వ గొంతు వినిపించింది.

"ఎవ్వరు ముట్టకుండ్రి. దేవుడు పట్టుకున్నడు పిల్లను."

నామం చెప్పే గొంతులు ఒక్కసారి పెరిగాయి. ఎవరో నా మీద పూలు వేశారు. మాస్టర్ చేసేదేముంది? పెద్దతాళం ఎలా నడిస్తే అలా నడవాలి. నా దెబ్బ మీద క్లారినెట్ ఎత్తుకున్నాడు. నెలరోజులు షెడ్డులో కాలు లేపిన పాట ఆ రోజు బుద్ధిగా కాలు కింద పెట్టి నడిచింది. కళ్ళు కొంచెం తెరిచి చూసినప్పుడు వదినె దోసిలి అలాగే పట్టి ఉంది.

రెండు దాటాక నా భుజాలు బిగుసుకుపోయాయి. దారం వేళ్ళలోకి దిగింది. కంటి ముందు నల్లటి చుక్కలు. చెయ్యి అందుకోలేక ఆలస్యంగా పడింది ఒక దెబ్బ. దాని వెనకది కూడా. అంతలో డ్రమ్ము ముందుకు, నా తాళం వెనక్కి, ఆ సందులో సరిగ్గా పొట్టి మోత. నాకు వచ్చింది. వెతికినన్నాళ్ళు రానిది, ఓపిక పోయాక దానంతట అదే వచ్చింది. మాస్టర్ పట్టుకున్నాడు. కార్నెట్ ఎగిరింది. వెనక ఎక్కడో ఒక ముసలామె కూర్చున్నచోటే ఊగింది. నేను కళ్ళు తెరిచాను. వదినె నన్ను చూస్తూ నవ్వుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, దోసిలి పట్టి ఉంది కదా. ఎత్తు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. నాకు వచ్చినందుకు.

ఆ నవ్వు చూసి నేను చేతిని లాగి మళ్ళీ డ్రమ్ము దెబ్బ మీదే పడేశాను. నాలుగు చుట్లు నడిచి ఉంటుంది, అంతే. మళ్ళీ భజన భజనలాగే నడిచింది, మూడు దాకా.

మూడింటికి అవ్వ తనే వచ్చి దోసిలి పట్టింది. ఆమెకు కాదనలేకపోయాను. వేళ్ళు తెరుచుకోకపోతే చిన్నాయిన ఒక్కొక్కటే విప్పాడు.

బ్యాండు సర్దుకుంటున్నప్పుడు మాస్టర్ నా దగ్గరికి వచ్చాడు. "మస్తు వాయించినవ్ బేటా. ఆరు గంటలు మామూలు మాట కాదు." క్లారినెట్ గుడ్డ విప్పుతూ, "నడుమ నాలుగు చుట్లు వచ్చింది గద. ఎందుకాపినవ్?"

"చేతులు నొచ్చినయి."

ఆయన నా చేతుల వైపు చూడలేదు, ముఖం వైపు చూశాడు. "అచ్ఛా" అని క్లారినెట్ గుడ్డలో చుట్టుకున్నాడు.

వానలు పడ్డాయి, మూఢం పోయింది, ముహూర్తాలు వచ్చాయి. ఎర్ర కోట్లు కొక్కేల మీంచి దిగాయి. షెడ్డులోకి కొత్త కోడిపిల్లలు వచ్చాయి. కొన్నాళ్ళకు షెడ్లూ పోయాయి, తోటలూ పోయాయి. మాస్టర్ పోయాడని చిన్నాయిన చెప్పినప్పుడు నేను కాన్పుకు ఆసుపత్రిలో ఉన్నాను. ఆ పాట మా షెడ్డు దాటి ఊళ్ళోకి రావడానికి ఒక్క తలుపు ఉండేది, దాన్ని నేను మూశాను.

నాకు మాత్రం ఆ రోజు పేరొచ్చింది. ఏకాహం పిల్ల అన్నారు. అవ్వ తన తరువాత పురాణం చదవడానికి నన్నే కూర్చోబెట్టింది. నా భక్తి అంతా ఆ పేరు మీద కట్టిందే. ఇది తలుచుకుని ఏడ్చిన రోజులున్నాయి. పునాది కుళ్ళుదైతే పైనున్నది కూడా కుళ్ళేనా అని దేవుణ్ణి అడిగాను. కాదనే నమ్ముతున్నాను. ఆయన మురికి నీళ్ళతో కూడా అభిషేకం చేయించుకోగలడు. ఆయన దగ్గర నాకు క్షమ దొరికింది, అందులో నాకు అనుమానం లేదు.

వదినె దగ్గర అడగలేదు. ఒకసారి నాగారంలో వాళ్ళ అబ్బాయి గృహప్రవేశంలో, ఆమె వంకాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని మొదలుపెట్టాను. "వదినె, ఆ రోజు ఏకాహంల నేను తాళం..."

"ఊకో పిల్లా, నేను అందరికి చెప్త. ఆ రోజు నిన్ను చూసినంకనే నేను మా ఇంట్ల దినాం దీపం పెట్టుడు మొదలుపెట్టిన" అంది. చెప్పి మళ్ళీ వంకాయలు తరగడంలో పడింది. నేను కూడా కత్తిపీట అందుకున్నాను.

ఏకాహం నాటి ఆ మధ్యాహ్నం, నా చేతిలోంచి తాళం తీశాక, మందిరం బయట, పెద్దతాళం పట్టిన మనిషికి మొక్కడం ఆనవాయితీ అని ఆడవాళ్ళు వరుస కట్టారు. నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు. ఒక్కొక్కరూ వంగి మొక్కి పోతున్నారు. వరుసలో చివరగా వదినె ఉంది. మా మామ రోడ్డు మీద సంచి పట్టుకుని బస్సు కోసం నిలబడి ఉన్నాడు. ఆమె చీర మార్చుకుని మామూలు ఓణీలో వచ్చింది. ద్రాక్ష తోటలో చిరిగిన చోట కుట్టుకుంది. వంగి, కమిలిన రెండు అరచేతులూ నా పాదాల మీద ఆనించి, అందరికంటే ఎక్కువసేపు ఉంచింది. నాకంటే మూడు నెలలు పెద్దది. నేను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.